ముట్టుకునే ముందు అడగాలి

పోయిన నెల ఈ శీర్షికలో ఎవరికో జవాబు చెబుతూ, 2017లో ఫిలిప్పీన్స్‌లోని బటంగాస్ ప్రాంతంలో ఒక చిన్న ప్రసూతి క్లినిక్‌లో ఆరు వారాలు వాలంటీరుగా ఉన్నానని ఒక్క ముక్క రాశాను. ఈసారి ఉత్తరాలు చాలావరకు ఆ ఒక్క ముక్క మీదే. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల నుంచీ రాశారు. అందరికీ ఒకే చోట చెప్పేస్తాను.

ప్రశ్న: మేడమ్, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని డవావోలో ఎంబీబీఎస్ చేస్తున్నాడు. తనకు తెలిసిన ఒక ఏజెన్సీ వాళ్లు అక్కడి ప్రసూతి క్లినిక్‌కి నాలుగు వారాలు వాలంటీరుగా పంపిస్తామంటున్నారు. మొదటి వారంలోనే నీ చేతులతో కాన్పులు చేయొచ్చు అని కూడా చెప్పారు. ఇక్కడ ఒక్కో కాన్పు దగ్గర పదిమంది స్టూడెంట్లం నిలబడతాం, వెనకున్న వాళ్లకి ఏమీ కనపడదు. నాన్న అప్పు చేసైనా పంపిస్తానంటున్నారు. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లమ్మా. కానీ ఆ ఏజెన్సీతో వద్దు, ఈ ఏడాది వద్దు, నాన్న చేత అప్పు చేయించి అసలే వద్దు.

'మొదటి వారంలోనే నీ చేతులతో' అన్నారు చూడు, ఆ మాట దగ్గరే నువ్వు లేచి వచ్చేయాలి. ఆ కాన్పు ఎవరిది? అక్కడ మంచం మీద పడుకున్నది ఎవరో ఒక జాలరి పెళ్లామో, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్లో. పెద్ద ఆసుపత్రికి వెళ్లే స్తోమత లేక ఇంటి పక్కనున్న క్లినిక్‌కి వచ్చింది. ఆవిడ భాష నీకు రాదు, నీ చదువు ఇంకా అవలేదు, ఏదైనా తేడా వస్తే మర్నాడు విమానం ఎక్కి నువ్వు వచ్చేస్తావు. మన రిమ్స్‌కో, ఘోషాసుపత్రికో ఏ దేశం నుంచో ఒక పిల్ల వచ్చి, మీ అక్క కాన్పు నేను చేసి నేర్చుకుంటాను అంటే మీ అమ్మ ఒప్పుకుంటుందా? అక్కడి తల్లులకీ అంతే కదా.

చట్టం కూడా ఒప్పుకోదు. ఫిలిప్పీన్స్‌లో మిడ్‌వైఫ్ అంటే రెండేళ్ల కోర్సు చదివి, బోర్డు పరీక్ష రాసి, లైసెన్సు తీసుకున్న మనిషి. 1992లోనే వాళ్లకి దీనికంటూ ప్రత్యేకంగా చట్టం వచ్చింది. 'లైయింగ్-ఇన్' అని పిలిచే చిన్న క్లినిక్‌లు ఊరూరా ఉంటాయి. చాలావాటిని ఈ మిడ్‌వైఫ్‌లే నడుపుతారు. బయటి నుంచి వెళ్లిన వాళ్లకి డబ్బు తీసుకుని కాన్పులు అప్పగించే చోటు ఏదైనా ఉందంటే, అది మిగతా విషయాల్లో కూడా అలాగే ఉంటుందని అనుకో.

మరి వెళ్లి ఏం చేస్తావు అంటావా? బీపీ చూస్తావు, బరువు తూస్తావు, కార్డులు రాస్తావు, నేల తుడుస్తావు, నీళ్లు కాస్తావు, నొప్పులు పడుతున్న తల్లి నడుం రాస్తావు. అదీ ఆవిడ సరేనంటేనే. మిగతా సమయమంతా నిలబడి చూస్తావు. నేను వెళ్లేసరికి నాకు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, లెక్కపెట్టలేనన్ని కాన్పులు చేసిన చెయ్యి. అయినా ఆ ఆరు వారాల్లో నేను ఒక్క కాన్పు కూడా చేయలేదు. మొదటి రెండు రోజులు చేతులు ఊరుకోలేదు నిజమే. మూడో రోజు రాత్రి జరిగింది చెబుతాను విను.

పంతొమ్మిదేళ్ల పిల్ల. తొలి కాన్పు. బయట వాన పడుతోంది, గదిలో ఒకటే బల్బు, గోడ మీద బాల ఏసు బొమ్మ. మిడ్‌వైఫ్ నా వయసు మనిషే. ఆ పిల్ల దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినంత మెల్లగా 'ప్వేదె పో బా?' అంది. 'చూడొచ్చా అండి' అని అర్థం. పిల్ల తలూపాక గానీ చేయి వేయలేదు. పది నిమిషాల తర్వాత మళ్లీ చూడాల్సి వచ్చింది, మళ్లీ అడిగింది. అర్ధరాత్రి దాటింది, నొప్పులు ఎక్కువయ్యాయి, పిల్ల అరుస్తోంది, అప్పుడూ అడిగింది. ఆ రాత్రి ఎన్నిసార్లు ముట్టుకుందో అన్నిసార్లూ అడిగింది. పక్కన వాళ్లమ్మ కూర్చుని వీపు రాస్తూనే ఉంది. ఆవిణ్ని బయటికి పొమ్మన్న వాళ్లు లేరు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లేబర్ రూమ్‌లో ఏం జరిగేదో నీకు చెప్పాలి. నీ కంటే చిన్న పిల్లల్ని తొడల మీద కొట్టేవాళ్లం. 'అప్పుడు తెలీలేదా, ఇప్పుడు అరుస్తున్నావ్' అనేవాళ్లం. అనేవాళ్లం అంటున్నాను, నేను కూడా అన్నాను. మా పెద్దవాళ్లు అలా చేశారు, అలా చేస్తేనే కాన్పు తొందరగా అవుతుందని నమ్మాం. తల్లి తోడు లోపలికి వస్తే తరిమేవాళ్లం. ఆ రాత్రి ఆ మూల నిలబడి, ఇన్నేళ్లలో నేను ముట్టుకున్న ఆడవాళ్లలో ఒక్కరినైనా అడిగానా అని గుర్తుచేసుకుంటే ఒక్క ముఖం కూడా తట్టలేదు. బయటికి వచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను.

తెల్లారుతుండగా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. అక్కడ 2009 నుంచి 'ఉనాంగ్ యాకప్' అని ఒక పద్ధతి పెట్టారు, మొదటి కౌగిలి అని అర్థం. బిడ్డ బయటికి రాగానే తలకిందులుగా పట్టుకోవడం, వీపు మీద చరచడం ఏమీ లేవు. పొడి గుడ్డతో ఒళ్లంతా తుడిచి, తడి గుడ్డ తీసేసి, నేరుగా తల్లి పొట్ట మీద బోర్లా పడుకోబెట్టి, నెత్తిన టోపీ పెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పారు. మిడ్‌వైఫ్ పై గ్లవ్స్ జత తీసేసింది, లోపల ఇంకో శుభ్రమైన జత ఉంది. అప్పుడు రెండు వేళ్లతో బొడ్డుతాడు పట్టుకుని ఊరికే ఉండిపోయింది. ఆ తాడు ఇంకా కొట్టుకుంటోంది. నా చేతిని తీసుకుని నా వేళ్లు కూడా దాని మీద పెట్టింది. మెత్తగా, వెచ్చగా, లోపల చేపపిల్ల కదిలినట్టు. తాడు నీలంగా లావుగా ఉన్నది కాస్తా తెల్లబడి, సన్నబడి, కొట్టుకోవడం ఆగింది. రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. అప్పుడు కోసింది. అంతసేపూ మాయలో ఉన్న రక్తం బిడ్డకి చేరుతూనే ఉంటుంది, తర్వాత నెలల్లో రక్తహీనత రాకుండా కాస్తుంది. నేను పుస్తకంలో చదివిన సంగతే. కానీ ఇరవై ఎనిమిదేళ్లూ బిడ్డ పడగానే కత్తెర అందుకున్నదాన్ని.

అందుకే వెళ్లమంటున్నాను. మన రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంద కాన్పుల్లో 42 ఆపరేషన్లే. మామూలు కాన్పు కంగారు లేకుండా, ఎవరూ తోయకుండా, దాని దారిన అది అవుతుంటే చూడడం నీ తరం నర్సులకి దొరకడం లేదు, అది నిజం. అది చూడడానికి వెళ్లు. చదువు పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ వచ్చాక, ఒక రెండేళ్లు పని చేసి, నీ జీతంలో దాచుకున్న డబ్బుతో వెళ్లు. ఈలోగా మన దగ్గరే నైట్ డ్యూటీలు అడిగి వేయించుకో. పది మంది గుంపులో కాకుండా, రాత్రి రెండింటికి ఒక్కదానివే ఒక తల్లి పక్కన కూర్చుని చూడు. మీ సబ్ సెంటర్ ఏఎన్ఎం అమ్మతో ఇంటింటికీ తిరుగు. సాలూరులో కొండ మీది గర్భిణుల కోసం వసతిగృహం ఉంది. నెలలు నిండకముందే కిందికి వచ్చి ఉంటారు, లేకపోతే నొప్పులొచ్చాక డోలీలో మోసుకురావాల్సి వస్తుంది కాబట్టి. అక్కడ వారం ఉండి రా. నీకు ఇంకా ఆసక్తి ఉంటే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని 18 నెలల కోర్సు మన దేశంలోనే వచ్చింది, దాని గురించి మీ ప్రిన్సిపల్ గారిని అడుగు.

ఏ క్లినిక్‌కి వెళ్లినా ముందు ఒక్క ఉత్తరం రాయి: మీ దగ్గర నేను ఏం చేయకూడదు? దీనికి వివరంగా జవాబు రాసిన చోటుకే వెళ్లు.

ప్రశ్న: అమ్మా, మాది బొబ్బిలి. మా అమ్మాయి విశాఖలో స్టాఫ్ నర్సు, ఐదేళ్లుగా చేస్తోంది. మీరు రాసింది చదివి ఫిలిప్పీన్స్ వెళ్తానంటోంది. పెళ్లి కావాల్సిన పిల్ల, ఒక్కర్తినీ పంపాలంటే టెన్షన్‌గా ఉంది. అక్కడ మనుషులు ఎలాంటివాళ్లు, తిండి ఏంటి, మన పిల్ల ఉండగలదా?

జవాబు: మీ భయం నాకు తెలుసమ్మా, నేను వెళ్లినప్పుడు మా అమ్మకి డెబ్బై ఆరేళ్లు, ఎయిర్‌పోర్టులో నన్ను పట్టుకుని వదల్లేదు. వెళ్లాక మాత్రం మొదటి పూటే మనసు కుదుటపడింది.

ఎందుకంటే అక్కడ ఎవరు కనపడినా ముందు అడిగేది 'కుమాయిన్ కా నా?' అని. అన్నం తిన్నావా అని. మన ఇంటికి ఎవరైనా వస్తే మనం అడిగేదీ అదే కదా. గుమ్మం ముందు చెప్పులు విప్పుతారు. మూడు పూటలా అన్నమే. స్నానాల గదిలో బకెట్టు, 'తాబో' అని మగ్గు, కడుక్కోవడానికి నీళ్లు. పరాయి దేశం వెళ్లే మన ఆడపిల్లలకి ఇది ఎంత నిశ్చింతో వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లు వాళ్ల చేతిని తీసుకుని తమ నుదుటికి ఆనించుకుంటారు, 'మానో' అంటారు. అది మన పాదాభివందనం లాంటిది. నాకంటే చిన్నవాళ్లంతా నన్ను 'ఆతే' అనేవారు, అక్క అని. అన్న అయితే 'కూయా'. పేరు పెట్టి పిలిచింది ఒక్కరు లేరు.

మాట చివర 'పో' అంటుంటారు. మొదటి రోజు ఎవరు మాట్లాడినా నన్ను పొమ్మంటున్నట్టే వినిపించి మనసు చివుక్కుమంది. తర్వాత తెలిసింది, అది మన 'అండి'. మీ అమ్మాయికి ముందే చెప్పండి. ఇంగ్లీషు చాలామందికి వచ్చు గానీ నొప్పులు పడుతున్న మనిషికి ఇంగ్లీషు గుర్తు రాదు, కాబట్టి ఒక ఇరవై మాటలు నేర్చుకుని వెళ్లాలి. మన లేబర్ రూమ్‌లో 'ముక్కమ్మా ముక్కు' అంటామే, వాళ్లు 'ఇరె' అంటారు. ఊపిరి తీసుకో అనడానికి 'హింగా'. ఇంక కొంచెమే అనడానికి 'కొంతి నా లాంగ్'. ఆ కొంతి, మన కొంత! దానికీ మనకీ చుట్టరికం లేదనుకోండి. కానీ ముఖాన్ని వాళ్లు 'ముఖా' అంటారు, టీచర్ని 'గురో' అంటారు, అవి మాత్రం సంస్కృతం నుంచి సముద్రం దాటి వెళ్లినవే. బటంగాస్ వాళ్ల యాసని మనీలా వాళ్లు ఆటపట్టిస్తారట. మాదీ అలాంటి ఊరే అని చెప్పాను, మన సికాకుళం యాసని సినిమాల్లో ఏం చేస్తారో చెప్పాను. ఆ రోజు నుంచి వాళ్లింట్లో మనిషినైపోయాను.

తిండి సంగతికొస్తే, మీరు చేపా మాంసం తింటారా లేదా అన్నది రాయలేదు. తినేవాళ్లయితే ఏ చింతా లేదు. చింతపండు పులుసు లాంటి 'సినిగాంగ్', ఎండుచేప వేపుడు, పచ్చి మామిడి ముక్కల మీద రొయ్యల ముద్ద. మన కళింగపట్నం ఒడ్డున పుట్టిన మనిషి అక్కడ పస్తుండదు. పొద్దున్న బటంగాస్ కాఫీ ఉంటుంది, 'బరాకో' అంటారు, బాగా కరకుగా ఉంటుంది. శాకాహారులైతే మాత్రం కష్టం. కూరగాయల కూర అని పెట్టిన దాంట్లోనూ రొయ్యల ముద్దో పంది మాంసం ముక్కో ఉంటుంది. కుక్కర్, పప్పు, పచ్చడి పట్టుకెళ్లమనండి, వాళ్లేమీ అనుకోరు.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. కాన్పయిన తల్లికి అక్కడ 'తినోలా' పెడతారు. అల్లం వేసి, పచ్చి బొప్పాయి ముక్కలు, ములగాకు వేసి కాచిన కోడి చారు. ములగాకుని 'మలుంగాయ్' అంటారు, పాలు పడతాయని ప్రతి పెరట్లోనూ చెట్టు ఉంటుంది. మనం పాలసొర పిట్టు చేసి పెడతాం చూడండి, సరిగ్గా అదే ఆశ. నేను ఒక ముసలావిడ పక్కన కూర్చుని ములగాకు దూస్తుంటే, రెమ్మని వేళ్ల మధ్య పట్టి కింది నుంచి పైకి ఒక్క లాగు లాగే విధం చూసి ఆవిడ ఆగిపోయింది. మీ దగ్గరా ఇలాగే దూస్తారా అని చేత్తోనే అడిగింది. అవునన్నాను. ఆ పూట నాకు కూడా ఒక గిన్నె పెట్టింది, నేనేదో బాలింతనైనట్టు.

బిడ్డకి దిష్టి తగలడం అక్కడా ఉంది, 'ఉసోగ్' అంటారు. కొత్త మనిషి బిడ్డని చూసి ముచ్చటపడితే ఇంటివాళ్లు కంగారు పడతారు, 'ప్వేరా ఉసోగ్' అనాలి. మీ అమ్మాయి బిడ్డని ఎత్తుకునే ముందు తల్లిని అడగాలి, ఫొటో అయితే అసలు తీయకపోతేనే మంచిది. ఆ బిడ్డ మొహం మన వాట్సాప్ స్టేటస్ కోసం పుట్టలేదు.

భద్రతకి: క్లినిక్ ఆవరణలోనో, దాని పక్కన కుటుంబంతోనో ఉండే ఏర్పాటు ఉందా అడగండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది, నర్సు కాబట్టి వేయించుకునే ఉంటుంది, అయినా ఒకసారి చూసుకోమనండి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్లు ఎక్కువ. 2013 నవంబరు 8న వచ్చిన దాన్ని మనం హయాన్ అంటాం, వాళ్లు యోలాండా అంటారు. ఆ పేరెత్తితే ఇప్పటికీ అక్కడి మనుషుల గొంతు మారిపోతుంది, మన దగ్గర తిత్లీ అన్నట్టే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పంపండి.

పంపండమ్మా. ఐదేళ్లు చేసిన పిల్ల అంటున్నారు, తనకి ఏం చూడాలో తెలుసు.

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌కి వీసా అక్కర్లేదని విన్నాం, టికెట్ కొనేసుకుని వెళ్లి సేవ చేయొచ్చా? (చీపురుపల్లి నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు)

జవాబు: కూడదు. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టుకి 14 రోజులు వీసా లేకుండా వెళ్లే వీలిచ్చారు, కానీ అది ఊళ్లు చూడడానికి. పొడిగించరు కూడా. జీతం లేకపోయినా సేవ కూడా పని కిందికే వస్తుంది. ఆ దేశంలో విదేశీ వాలంటీర్ల వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థే ఒకటి ఉంది. మిమ్మల్ని పిలిచే క్లినిక్ తగిన అనుమతి, వీసా కాగితాలు సర్దాలి. ఢిల్లీలో వాళ్ల ఎంబసీని మీరే రాతపూర్వకంగా అడగండి. 'టూరిస్టునని చెప్పేయండి' అన్న ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ప్రశ్న: అమ్మా, మాది సోంపేట. మా కోడలికి వచ్చే నెల కాన్పు. మా ఊరి ఆశా అమ్మాయి, బిడ్డని తుడిచి తల్లి గుండెల మీద పెడతారు, ఆ రోజు స్నానం ఉండదు అంటోంది. పురిటి మైల అలాగే ఉంచుతారా? మా అత్తగారు నా పిల్లలకి పుట్టగానే నీళ్లు పోశారు, తేనె నాకించారు, మొదటి పాలు పిండేశారు. అందరూ బాగానే ఉన్నారు.

జవాబు: మీ అత్తగారు ప్రేమతోనే చేశారమ్మా, ఆవిడ్ని తప్పుపట్టను. మీ పిల్లలు చల్లగా ఉన్నారు, సంతోషం. కానీ అలా చేసిన ఇళ్లల్లో నిలవని బిడ్డల్ని నేను చూశాను.

బిడ్డ ఒంటి మీద తెల్లగా వెన్నలా ఉండేది మైల కాదు. అది చర్మాన్ని కాపాడేది. లోపల అంత వెచ్చగా ఉన్న బిడ్డకి బయటికి రాగానే నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడిపోతుంది, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటలు ఆగమంటోంది. తల్లి ఒంటికి అంటిపెట్టుకుని ఉంటే వేడి దానంతట అదే సరిపోతుంది. 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక నెలలు నిండని బిడ్డల్ని తల్లుల గుండెలకి కట్టి బతికించారు, కంగారూ పద్ధతి అని ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ చేయిస్తున్నది అదే. మొదటి పాలు పిండేయకండి. చిక్కగా పసుపుగా ఉన్నాయని అవి చెడ్డవి కావు, ఆ ముర్రుపాలే బిడ్డకి మొదటి టీకా అనుకోండి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించకండి, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిబిడ్డ పేగుల్లో విషం పుట్టిస్తుంది.

ఇక మీరు చేయాల్సినవి లేవనుకోకండి. కోడలితో పాటు లోపలికి వెళ్లండి. కాన్పు గదిలో తోడు మనిషి ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన 'లక్ష్య' కార్యక్రమంలోనే ఉంది, నర్సు కాదంటే ఆ మాట చెప్పి మళ్లీ అడగండి. నొప్పులప్పుడు నడుం రాయండి, మంచినీళ్లు తాగించండి. ఇంటికొచ్చాక పాలసొర పిట్టు పెట్టండి, ములగాకు పప్పు పెట్టండి. మంచం కింద కుంపటి మాత్రం తలుపులు మూసిన గదిలో వద్దు, ఆ పొగ తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. 24 గంటలు నిండాక, మధ్యాహ్నం ఎండ తగ్గకముందు, గాలి తగలని చోట కూర్చుని, కాళ్లు చాపి బిడ్డని పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నీళ్లతో మీరే పోయండి. బొడ్డు మీద నూనె గానీ పసుపు గానీ రాయకండి, పొడిగా వదిలేయండి. తుడిచిన వెంటనే బిడ్డని మళ్లీ కోడలి ఒళ్లోకి ఇచ్చేయండి.